నలభై ఒక్క ఊళ్ళ పటం

తీగ ఎలా తెగిందో ఇంట్లో అందరికీ తెలుసు. కత్తిపీట ఇంకా కిటికీ కిందే పడి ఉంది, అంచున ఉల్లిపొట్టుతో సహా. ఎందుకు తెగిందన్నదే, తెగ్గోసిన మనిషి చెప్పడం లేదు.

సుందరయ్య మంచం మీద కూర్చుని పేపరు చూస్తున్నాడు. పొద్దుటి నుంచీ అదే పేజీ. ఆ పేజీ నిండా ఉన్నది ఒక సబ్బు ప్రకటన.

"గా ఇంటర్నెట్ తీగ నిన్నేం జేసిందయ్యా?" భార్య ఎస్తేరమ్మ మూడోసారి అడిగింది. "అన్నం బెట్టుమన్నదా? బట్టలుతుకుమన్నదా?"

సుందరయ్య పేపరు కాస్త పైకెత్తాడు.

"ఇరవై ఆరేండ్లు బస్సుల టికెట్లు కొట్టినవు. ఎక్కేటోన్ని ఎక్కనిచ్చినవు, దిగేటోన్ని దిగనిచ్చినవు. ఇంట్ల బిడ్డ పన్జేసుకుంటుంటే తీగ గోస్తవా?"

"సమ్మెల ఉన్నం," అన్నాడు సుందరయ్య.

"నువ్వున్నవు. తీగ లేదు."

సుందరయ్య మాట్లాడకపోవడమంటే చిన్న సంగతి కాదు. కండక్టరుగా ఆయన ఎల్బీ నగర్‌లో కథ మొదలుపెడితే విజయవాడ బస్టాండులో గాని ఒడిసేది కాదు. ఒకసారి ఆయన కథ వింటూ ఒక పెళ్ళికొడుకు తన ఊళ్ళో దిగడం మరిచిపోయాడనీ, ముహూర్తం మర్నాటికి జరిపారనీ డిపోలో ఇప్పటికీ చెప్పుకుంటారు. పెళ్ళికూతురు కూడా అదే బస్సులో ఉందని కొందరంటారు గానీ, అంత అబద్ధం నేను చెప్పను.

అలాంటి మనిషి పొద్దుట ఎల్బీ నగర్ చౌరస్తాలోని దీక్షా శిబిరం టెంటు నుంచి వచ్చాడు. చెప్పులు విప్పకుండా కత్తిపీట తీశాడు. కోశాడు. కూర్చున్నాడు.

సాధన నేలమీద కూర్చుని తీగ రెండు కొసలూ చేతుల్లో పట్టుకుని చూస్తోంది. లోపల ఎనిమిది సన్నటి పోగులు, ఒక్కోటి ఒక్కో రంగు. ముడేస్తే పనిచేసే రకం కాదు.

"నాయినా," అంది నెమ్మదిగా. "నాలుగింటి లోపల నేను ఆ పటాన్ని తీసెయ్యాలె. తీసేసిన అని బడికి పోయి కాగితం మీద సంతకం పెట్టాలె. లేకుంటే రేపటి నుంచి బడికి రావద్దన్నడు కరస్పాండెంటు సారు. తీసెయ్యనీకి గూడ నెట్టు గావాలె. నువ్వు గదే కోసినవు."

సుందరయ్య అప్పుడు తలెత్తాడు.

"తీగ గోస్తే పటం పోలేదా?"

"ఏంది?"

"ఏం లే." మళ్ళీ సబ్బు ప్రకటనలోకి వెళ్ళిపోయాడు.

ఆ పటం సంగతి మీకు తెలిసిందే. అయినా మధ్యలో బస్సెక్కినవాళ్ళ కోసం ఒక ముక్క చెప్పి ముందుకు పోతాను.

సాధన దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక ప్రైవేటు బడిలో పదో తరగతికి సోషల్ చెబుతుంది. ఆగస్టులో వలసల పాఠం వచ్చింది. పుస్తకంలో ఉన్న నాలుగు పేరాలూ చదివించి వదిలేయొచ్చు. వదిలేసి ఉంటే ఈ కథే లేదు. ఆ పిల్ల అలా వదలకుండా, నెట్‌లో ఒక పేజీ తయారుచేసింది. అందులో ఒక పటం. పిల్లలు ఎవరికి వాళ్ళు ఇంటి దగ్గర ఒక చుక్క, సొంతూరి దగ్గర ఒక చుక్క పెట్టి, ఏ రోడ్డున వచ్చారో ఆ రోడ్డు వెంబడి గీత గీయాలి. చుక్క మీద నొక్కితే ఆ ఇంటి పెద్దవాళ్ళెవరో తాము ఊరెందుకు విడిచారో చెప్పే గొంతు వినిపిస్తుంది. ఒకరి కబురు కింద ఇంకొకరు ప్రశ్నలు రాయాలి. చివర్లో క్విజ్. మార్కులు అక్కడికక్కడే.

నలభై ఒక్కమంది పిల్లలు, నలభై ఒక్క ఊళ్ళు. సెప్టెంబరులో తెలంగాణ రాష్ట్రం కోసం సకల జనుల సమ్మె వచ్చి బడి మూతపడ్డాక, ఆ పేజీయే తరగతి అయింది. సమ్మెకి నెల కావస్తోంది. పరీక్షలకి మాత్రం సమ్మె లేదు కదా అని సాధన రోజూ పదకొండింటికి పిల్లల్ని అక్కడికే పిలిచి పాఠం చెబుతోంది.

ఇక ఆ పటం ఇప్పుడు ఎలా కనిపిస్తోందో చెప్పడానికి మెట్ల మీద చెప్పుల చప్పుడు వినిపించింది.

వచ్చినాయన ఇంటాయన, వెంకటేశ్వరరావు. కింద వాటాలో ఉంటాడు, కొత్తపేటలో మోటారు పంపుల షాపు. ఆయన గొంతు సంగతి చైతన్యపురి అంతటికీ తెలుసు. పండ్ల మార్కెట్టులో ఒకసారి ఆయన తుమ్మితే బత్తాయిల లారీ హమాలీలు లేకుండా దానంతటదే దిగుమతి అయిపోయిందట. అలాంటాయన ఈవేళ చాలా చిన్న గొంతుతో మాట్లాడాడు. అందుకే ఎస్తేరమ్మకి భయం వేసింది.

"ఏమ్మా సాధనా, తీసేశావా?"

"లేదు సార్. నెట్ లేదు."

"పొద్దున తొమ్మిదింటి నుంచీ అడుగుతున్నాను. నా ఇంటి గుమ్మం మీద చుక్క ఉంది. చుక్క మీద నా కూతురి పేరుంది. అక్కణ్ణించి గీత తిన్నగా తెనాలి దాకా పోయింది. ఎవడు చూసినా ఏమనుకుంటాడు?"

"సార్, ఆ చుక్క మీరే పెట్టించారు."

అది నిజం. ఆ రోజు ఆయన కూతురు అమల పక్కన కుర్చీ వేసుకుని, "అది కాదమ్మా, మన ఊరు కాలవకి అవతల, ఇంకాస్త జరుపు" అని మూడుసార్లు జరిపించాడు. కబురు కూడా ఆయనే చెప్పాడు. అందులో నిమ్మతోట మొదట నాలుగెకరాలు. కబురు ముగిసేసరికి పదకొండెకరాలయింది.

"అప్పుడు వేరు," అన్నాడు వెంకటేశ్వరరావు.

"అప్పుడంటే ఆగస్టే కదా సార్. రెండు నెలలు కూడా కాలేదు."

"ఆగస్టులో మీ సొంతూరేదండీ అంటే పలకరింపు. ఇప్పుడు ఆ మాటే అంటే..." ఆయన పూర్తి చేయలేదు. సుందరయ్య వైపు తిరిగాడు. "సుందరయ్యగారూ, పదకొండేళ్ళుగా ఒకే కప్పు కింద ఉన్నాం. మీతో నాకు పేచీ లేదు. ఒక్క మాట అడుగుతాను. మీ టెంటులో వాళ్ళెవరైనా ఆ పటం చూశారా?"

సుందరయ్య పేపరు మడిచాడు. మళ్ళీ విప్పాడు.

"టెంటుల కంప్యూటర్లుండయి సార్."

"అదే అనుకున్నా." వెంకటేశ్వరరావు ఊపిరి వదిలాడు. "సరే. నాలుగింటికల్లా తీసెయ్యమ్మా. నేను మీ కరస్పాండెంటు విశ్వేశ్వరరావుగారికి ఫోన్ చేసింది నీ మీద కోపంతో కాదు. ఇంట్లో ఆడపిల్ల ఉంది. అంతే."

"నా ఇంట్ల గూడ ఆడపిల్లనే ఉన్నది సార్," అంది ఎస్తేరమ్మ.

ఆయన మెట్ల వైపు తిరిగాడు. దిగి వెళ్ళిపోయాడు.

సాధన లేచి చున్నీ వేసుకుంది. "నెట్ సెంటరుకు పోయొస్త."

"బిడ్డా," అన్నాడు సుందరయ్య.

గుమ్మంలో ఆగింది.

"ఎండున్నది. జర పైలం."

చెప్పాలనుకున్నది అది కాదని ఎస్తేరమ్మకి అర్థమైంది. ఇరవై ఎనిమిదేళ్ళ కాపురంలో ఆయన ఏ వాతావరణం గురించీ ఎప్పుడూ మాట్లాడలేదు.

* * *

దిల్‌సుఖ్‌నగర్ దాకా నడిచే వెళ్ళింది సాధన. బస్సులు లేని రోడ్డు వెడల్పుగా, ఎవరిదో కొత్త రోడ్డులా ఉంది. కోచింగ్ సెంటర్ల బోర్డుల మీద ర్యాంకుల పిల్లలు మాత్రం ఎప్పట్లాగే నవ్వుతున్నారు.

నెట్ సెంటరు మొదటి అంతస్తులో ఉంది. కరెంటు లేదు. బొగ్గు గనుల సమ్మె మొదలైనప్పటి నుంచీ అది వచ్చినప్పుడే వచ్చినట్టు. ఇన్వర్టరు మీద నాలుగు కంప్యూటర్లు నడుస్తున్నాయి. నాలుగోది దొరికేసరికి రెండూ నలభై అయింది.

పేజీ తెరుచుకోవడానికి చాలాసేపు పట్టింది. తెరుచుకున్నాక ఆమె చుక్కలు లెక్కపెట్టింది. మళ్ళీ లెక్కపెట్టింది.

ఇరవై రెండు.

మిగిలినవి ఎవరి చుక్కలు వాళ్ళు తీసేసుకున్నారు. ఆమె చూస్తుండగానే మీర్‌పేట్ దగ్గరున్న ఒకటి మాయమైంది. దాని వెంట గీత కూడా, నీళ్ళలో పాము వెనక్కి జారినట్టు, ఖమ్మం దాకా చెరిగిపోయింది.

కింద పిల్లలు రాసుకునే చోట ఒక మాట కనిపించింది.

'సారీ మేడమ్. నాన్న పక్కనే ఉన్నాడు.' ఉపేంద్ర రాశాడు.

దాని కింద ఇంకొకటి. 'మేడమ్ వచ్చారు!' దాని కింద: 'ఈరోజు క్విజ్ లేదా మేడమ్? పదకొండు నుంచి చూస్తున్నాం.'

సాధన 'లేదు' అని రాసింది. కారణం రాయబోయి ఆగింది.

పటంలో ఇంకా ఒక లావుపాటి గీత ఉంది. ఎల్బీ నగర్ చౌరస్తాలో బయల్దేరి సూర్యాపేట దాకా నల్గొండ పిల్లల గీతలూ కృష్ణా గుంటూరు పిల్లల గీతలూ ఒకదాని మీద ఒకటి పడిపోయి, దూరం నుంచి చూస్తే ఒక్కటే గీతలా ఉండేది. దాన్ని చూసి కిందటి నెలలో అమల ఒక ప్రశ్న రాసింది: 'మేడమ్, సూర్యాపేట దాకా అందరం ఒకే రోడ్డు మీద వచ్చాం కదా. మరి వేరు ఎక్కడ అయ్యాం?'

దానికి పిల్లలు పద్దెనిమిది జవాబులు రాశారు. ఒకడు 'టిఫిన్ దగ్గర' అన్నాడు. ఒకమ్మాయి 'వేరు కాలేదు, ముందువాళ్ళు ముందు దిగారు' అంది. సాధన తన జవాబు రాయలేదు. బడి తెరిచాక తరగతిలో చెబుదామని దాచుకుంది.

'మేడమ్, ఒక్క మాట.' ఈసారి గౌతమ్. 'అన్నీ తీసేస్తారట కదా. మా చుక్క తీసెయ్యండి, గీత తీసెయ్యండి. నానమ్మ గొంతు మాత్రం ఉంచండి.'

గౌతమ్ వాళ్ళ నానమ్మ వినాయక చవితి మర్నాడు పోయింది. ఆ సంగతి తరగతిలో అందరికీ తెలుసు.

చుక్క తీసేస్తే గొంతు కూడా పోతుంది. ఆ పేజీ కట్టినవాళ్ళు అలాగే కట్టారు. విడిగా తీసి దాచుకోవచ్చా అని ఆమె వెతికింది. ఉంది, ఒక గుర్తు ఉంది. నొక్కింది. అన్ని గొంతులూ కలిపి దిగడానికి రెండు గంటల పది నిమిషాలు పడుతుందని చూపించింది. గౌతమ్‌ది ఒక్కటే నొక్కింది. అది కదల్లేదు. మళ్ళీ నొక్కింది. మూడోసారికి దిగడం మానేసి వినిపించడం మొదలుపెట్టింది.

"ఇందులోనా మాట్లాడాల్సింది? దీని నోరెక్కడ్రా? చెవెక్కడ? వినేవాళ్ళు లేకుండా ఎలా చెప్పేదిరా... సరే. మేం వచ్చింది ఉప్పెన వచ్చిన యేడు. మీ తాత ముందొచ్చాడు. నేను మీ నాన్నని చంకనేసుకుని..."

ఇన్వర్టరు కీచుమంది. "పది నిమిషాలే మేడమ్, బ్యాటరీ ఒడుస్తున్నది," అని నెట్ సెంటరాయన అరిచాడు.

మూడూ పదిహేను.

సాధన పైన మూలలో ఉన్న గుర్తు నొక్కింది. పేజీ అడిగింది: మొత్తం తీసెయ్యాలా? ఇది మళ్ళీ రాదు.

కింద ఎవరో ఏదో రాస్తున్నారు. రాస్తున్నారన్న మూడు చుక్కలు కదులుతున్నాయి. ఆ మాట పూర్తయ్యేదాకా ఆగాలని ఆమె అనుకుంది. అర నిమిషం ఆగింది కూడా. రాసేవాళ్ళు రాస్తూనే ఉన్నారు, చెరిపి రాస్తున్నట్టున్నారు.

నొక్కింది.

పేజీ తెల్లగా అయింది.

* * *

బడి షట్టరు సగానికి దించి ఉంది. వంగి లోపలికి వెళ్తే, కరస్పాండెంటు విశ్వేశ్వరరావు చీకటి గదిలో విసనకర్రతో విసురుకుంటున్నాడు. ఎదురుగా టైపు చేసిన కాగితం.

"తీసేశావామ్మా?"

"తీసేశాను సార్."

"మంచిపని చేశావు. కూర్చో. నిన్న నలుగురు వచ్చి టీసీలు ఇచ్చెయ్యమన్నారు. ఇద్దరు అటువాళ్ళు, ఇద్దరు ఇటువాళ్ళు. రాష్ట్రం విషయంలో కలవని మనుషులు నీ పటం విషయంలో మాత్రం చక్కగా కలిశారు."

సాధన నవ్వలేదు. ఆయనా నవ్వలేదు.

"అటువాళ్ళేమో మా ఇళ్ళు ఎవరికో చూపించడానికి గీసిందంటారు. ఇటువాళ్ళేమో బడి బందు పెడితే దొంగచాటుగా పాఠాలు చెబుతోందంటారు. నేనెవరికని సమాధానం చెప్పను? రెండువందల ముప్పై మంది పిల్లలు. వాళ్ళలో సగం పోతే ఈ షట్టరు మళ్ళీ పైకి లేవదు."

"నాకు పిల్లలకి పాఠం చెప్పడమే తెలుసు సార్."

"తెలుసమ్మా. అందుకే కదా, పొమ్మనకుండా సంతకం పెట్టమంటున్నాను." కాగితం జరిపాడు. "చదువుకో."

నాలుగే వాక్యాలు. పటం పూర్తిగా తొలగించాను. తరగతి పిల్లలు, వాళ్ళ తల్లిదండ్రులు తప్ప దాన్ని ఎవరూ చూడలేదు. దాని నకలు కాగితం మీద గాని, వేరేచోట గాని లేదు. ఇకముందు పాఠాలకు ఇలాంటివి వాడను.

సాధన మూడో వాక్యం దగ్గర ఆగింది.

"కాగితం మీద ఒకటి ఉంది సార్. పెద్దది. క్లాసు గోడకు పెడదామని ఆగస్టులోనే ప్రింటు తీయించిన. ఇంతలో బడి మూసేశారు. ఇంట్లో బీరువా మీద ఉంది, చుట్టి పెట్టిన."

"ఎవరికైనా చూపించావా?"

"లేదు."

"అయితే ఇంటికెళ్ళగానే చింపి పొయ్యిలో పెట్టు."

"అది చింపి వచ్చి పెడతా సార్ సంతకం."

"అయ్యో తల్లీ, అయిదింటికల్లా పేరెంట్స్‌కి ఇది చూపించాలి. వెంకటేశ్వరరావుగారి మనిషి బయటే కూర్చున్నాడు. నువ్వు చింపుతావు, నాకు తెలుసు. నువ్వు మాట తప్పే పిల్లవి కాదు. గంట ముందు పెడితే ఏం పోయింది?"

ఒక గంట అబద్ధం. గంట తర్వాత అదే నిజమైపోతుంది. తూకంలో రాయి ముందు పెట్టినా సరుకు ముందు పెట్టినా బరువొకటే అన్నట్టు ఆయన చెప్పాడు. ఆ పిల్లకీ అలాగే అనిపించింది. పొద్దుటి నుంచీ ఏమీ తినలేదు కూడా.

సంతకం పెట్టింది.

విశ్వేశ్వరరావు కాగితం తీసుకుని సిరా ఆరేలా ఊదాడు.

"ఇంకెప్పుడూ ఈ నెట్టూ అదీ వద్దమ్మా. సుద్దముక్క చాలు. సుద్దముక్కతో రాసింది సాయంత్రానికి పోతుంది. దానంత భద్రమైన యంత్రం ఇంకోటి లేదు."

"పిల్లలు ప్రశ్నలు అడిగేవాళ్ళు సార్ అందులో," అంది సాధన. "క్లాసులో నోరు తెరవనివాళ్ళు కూడా."

"అదే కదమ్మా వచ్చిన తంటా," అన్నాడాయన.

* * *

ఇంటికి వచ్చేసరికి అయిదూ ఇరవై. ఎస్తేరమ్మ బియ్యం ఏరుతోంది. సుందరయ్య ఇంకా మంచం మీదే ఉన్నాడు.

"అయిపోయింది," అంది సాధన. "ఉద్యోగం ఉంటది."

"స్తోత్రం ప్రభువా," అంది ఎస్తేరమ్మ. చేట పక్కన పెట్టింది. "ఇంత అన్నం తింటవా?"

"ఒక్క పని ఉన్నది. అది చేసినంక."

సాధన కుర్చీ లాక్కుని ఎక్కింది. బీరువా మీద చెయ్యి పెట్టింది. పాత చాప తగిలింది. క్రిస్మస్ నక్షత్రం ఉన్న అట్టపెట్టె తగిలింది. వాటి వెనక్కి చెయ్యి పోనిచ్చింది. దుమ్ములో పొడుగ్గా ఒక శుభ్రమైన చార.

కాగితం లేదు.

"అమ్మా, ఈడ చుట్టి పెట్టిన పటం ఏది?"

"నేను ముట్టలే బిడ్డా. నాకు అందనే అందదు అది."

సాధన కుర్చీ మీద నుంచి దిగలేదు. అక్కడి నుంచే తండ్రి వైపు చూసింది. సుందరయ్య చేతిలో ఇప్పుడు పేపరు కూడా లేదు.

"నాయినా."

"టెంటుల అడిగిండ్రు," అన్నాడాయన. గోడ వైపు చూస్తూ అన్నాడు. "బడులన్నీ బందుంటే నీ బిడ్డ కంప్యూటర్ల పాఠాలు చెప్తున్నదంట గదా సుందరన్నా, సమ్మె నీకేనా, నీ ఇంటికి లేదా అని. పదిమంది ముంగట. నాకు తల గొట్టేసినట్టయింది."

"అయితే?"

"అవి పాఠాలు గావురా, మన ఊర్ల కథలు రాస్తున్నది నా బిడ్డ, చూడుండ్రి అని చెప్పిన. నమ్మలే. నాలుగు దినాల కింద తీస్కపోయిన. తీస్కపోయి టెంటు గుడ్డకు అతికించిన. నాలుగు దిక్కుల గమ్ము పెట్టి." ఆయన గొంతులో ఒక్క క్షణం పాత కండక్టరు పలికాడు. "అందరు చూసిండ్రు బిడ్డా. ఏ ఊరు ఏడున్నదో వేలు పెట్టి చూసుకున్నరు. మునుగోడాయన తన ఊరు పేరు చదివి కండ్లు తుడుచుకుండు. ఇంత పని చేసిందా నీ బిడ్డ అన్నరు. నేను గూడ..."

ఆగిపోయాడు.

"ఇప్పుడేడున్నది?"

"పొద్దున చూస్తే లేదు. నాలుగు మూలల ముక్కలు మాత్రం గుడ్డకు ఉన్నయి. మధ్యల కాగితం లేదు. ఎవలు తీసిండ్రో ఎవలకు తెల్వదు. అందర్ని అడిగిన. గాలికి పోయిందేమో అన్నరు. గాలికి పోతే మూలలు గూడ పోతయి గదా?"

ఎస్తేరమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"కాగితం పోయింది, కనీసం కంప్యూటర్లదన్న పోవాలెనని వచ్చి తీగ గోసిన," అన్నాడు సుందరయ్య. "ఆ తీగల నుంచే గదా అది లోకానికి పోతున్నదనుకున్న."

"ఆ సారు అడిగినప్పుడన్న చెప్పకపోతివి? టెంటుల ఎవరన్న చూసిండ్రా అని మొకం మీదనే అడిగె," అంది ఎస్తేరమ్మ.

"నోరు రాలే."

సాధన కుర్చీ దిగింది. చేతులకు దుమ్ము. దులుపుకోవాలని కూడా తోచలేదు. కాగితం మీద ఎక్కడా లేదని రాసి, కింద తన పేరు రాసి ఇచ్చి రెండు గంటలు కాలేదు.

"నేను పోయి చెప్త," అని సుందరయ్య లేచాడు. "నాదే తప్పని చెప్త. నీకు సంబంధం లేదని చెప్త."

"చెప్తే నా సంతకం ఏమైతది?"

ఆ కాగితంలో ఏం రాసుందో ఆయనకి తెలీదు. ఆమె చెప్పింది. నాలుగు వాక్యాలూ చెప్పింది. ఆయన నిలబడే విన్నాడు. విని మళ్ళీ కూర్చున్నాడు.

ఎస్తేరమ్మ చేట మళ్ళీ దగ్గరికి లాక్కుంది. 

"సాధనా!" కింద నుంచి ఇంటావిడ కుసుమకుమారి పిలిచింది. "ఒకసారి రామ్మా, మీ అంకుల్ పిలుస్తున్నారు."

* * *

కింద హాల్లో సోఫా మీద పెద్ద సూట్‌కేసు తెరిచి ఉంది. నిండా బట్టలు. అమల పుస్తకాలు ఒక పక్కన తాడుతో కట్టి ఉన్నాయి.

వెంకటేశ్వరరావు చేతిలో సాధన సంతకం పెట్టిన కాగితం నకలు ఉంది. ముఖం తేటపడింది. గొంతు కూడా మామూలుగా అయింది. అంటే వీధి చివరికి వినిపిస్తోంది.

"రా తల్లీ రా! చూశాను, చదివాను. చాలు. ఎనిమిదింటి ప్రైవేటు బస్సుకి వీళ్ళిద్దర్నీ తెనాలి పంపించేద్దామని టికెట్లు కూడా తీశాను. నీ కాగితం చూశాక మానేశాను. నువ్వు సంతకం పెట్టావంటే అది రాతి మీద రాసినట్టే. మధ్యాహ్నం ఏమైనా అనుంటే మనసులో పెట్టుకోకు."

"పొద్దుటి నుంచీ అన్నం ముట్టలేదమ్మా ఈయన," అంది కుసుమకుమారి. "ఇప్పుడు కాస్త మనిషయ్యాడు. నాకా, ఈ ఇల్లొదిలి పోవడం ఇష్టమేనా చెప్పు? పిల్లకి పదో తరగతి."

అమల గుమ్మం పక్కన నిలబడి ఉంది. "మేడమ్," అంది మెల్లగా. "నేను ఆఖర్న ఒకటి రాస్తున్నాను. మీరు చూశారా? సగంలో పోయింది."

"చూడలేదమ్మా," అంది సాధన. "ఏం రాశావు?"

"ఇప్పుడు వద్దులెండి."

వెనక మెట్ల మీద చెప్పుల చప్పుడయింది. సుందరయ్య దిగి వచ్చాడు. చొక్కా బొత్తాలు పెట్టుకున్నాడు. తల దువ్వుకున్నాడు. డ్యూటీ ఎక్కేవాడిలా ఉన్నాడు.

"వెంకటేశ్వరరావు సాబ్," అన్నాడు. "జర మీతోని ఒక ముచ్చట చెప్పాలె."

"చెప్పండి సుందరయ్యగారూ! రండి, కూర్చోండి!"

సుందరయ్య గుమ్మం దాటబోయాడు. సాధన పక్కకి జరగలేదు. తండ్రికీ హాలుకీ మధ్య నిలబడి, ఆయన ముఖంలోకి చూసింది. ఆయన పెదాలు కదిలాయి.

"ఏం లేదు సార్," అంది సాధన, వెనక్కి తిరక్కుండానే. "కరెంటు ఎప్పుడొస్తదో మీకేమన్నా తెలుసేమోనని అడగనీకి వచ్చిండు."

"ఏడింటికి అన్నారండీ," అన్నాడు వెంకటేశ్వరరావు. "నమ్మకం లేదనుకోండి."

సుందరయ్య కూతురి వైపే చూస్తున్నాడు. ఆమె చూపు దించలేదు.

లోపల కుసుమకుమారి సూట్‌కేసులోంచి చీరలు ఒక్కొక్కటే తీసి బీరువాలో సర్దడం మొదలుపెట్టింది.